భూమట్టపు ఓజోన్, ఊపిరితిత్తుల ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి నడిమి నుంచి తొలకరి పడేవరకు మన నగరాల్లో గాలి నాణ్యత యాప్‌ను మధ్యాహ్నం వేళ తెరిచి చూస్తే, ప్రధాన కాలుష్య కారకం అన్నచోట కొన్ని రోజులు ధూళికి బదులు ఓ3, అంటే ఓజోన్ అని కనిపిస్తుంది. ఆకాశం నీలంగా, గాలి తేటగా ఉన్నప్పుడు ఈ కాలుష్యం ఎక్కడిదన్న సందేహం చాలామందికి వస్తుంది. ఓజోన్ కంటికి కనిపించదు. పొగ, దుమ్ము విషయంలో మనకు అలవాటైన జాగ్రత్తల్లో సగం దాని ముందు పనిచేయవు. అందుకే పాఠకుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ కాస్త వివరంగా సమాధానాలు ఇస్తున్నాము.

ఓజోన్ పొర మనకు రక్షణ అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం కదా, అదే ఓజోన్ హాని ఎలా చేస్తుంది?

పదార్థం ఒక్కటే, ఉన్న చోటు వేరు. మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఏర్పడే ఈ వాయువులో దాదాపు 90 శాతం భూమికి చాలా ఎత్తున, స్ట్రాటోస్ఫియర్‌లో ఉండి సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కాపాడదలచింది ఆ ఓజోన్‌నే. మనం పీల్చే ఎత్తులో ఉండేది వేరే దారిలో, చాలావరకు మనుషుల పనుల వల్ల పుడుతుంది. మూడో పరమాణువును ఎదురైన ప్రతి పదార్థానికీ అంటగట్టే స్వభావం ఓజోన్‌ది. ఈ గుణం వల్లనే అది నీటి శుద్ధి కేంద్రాల్లో సూక్ష్మజీవులను చంపగలుగుతోంది, ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తున్నదీ ఈ గుణమే.

ఓజోన్‌ను ఏ పొగగొట్టమూ వదలదంటారు. మరి అది ఎక్కడి నుంచి వస్తుంది?

వాహనాలు, జనరేటర్లు, విద్యుత్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు ఒక సరుకు. పెట్రోలు, పెయింట్లు, థిన్నర్లు, పరిశ్రమల్లో వాడే ద్రావకాల నుంచి లేచే సేంద్రియ ఆవిర్లు రెండో సరుకు. ఈ రెండూ కలిసిన గాలి మీద ఎండ పడితే నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోయి ఒక ఆక్సిజన్ పరమాణువును వదులుతుంది, అది గాలిలోని మామూలు ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్‌గా మారుతుంది. సేంద్రియ ఆవిర్లు లేకపోతే పుట్టిన ఓజోన్‌లో ఎక్కువ భాగం వెనువెంటనే తరిగిపోతుంది. అవి ఉండబట్టే గంటగంటకూ పోగుపడుతుంది.

ఈ సంగతి తేలింది అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో. 1943 వేసవిలో ఆ నగరాన్ని కళ్లు మండించే పొగమంచు కమ్మేసింది. కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారం వల్లనేమోనని తొలుత అనుమానించారు. అనాసపండు వాసనకు కారణమైన రసాయనాల మీద పనిచేస్తున్న ఏరీ హాగెన్-స్మిట్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, వాహనాల పొగ మీదా చమురు శుద్ధి కర్మాగారాల ఆవిర్ల మీదా ఎండ పడటమే దీనికి మూలమని 1950ల ఆరంభంలో చూపించాడు. అప్పట్లో ఓజోన్ కొలవడానికి వంచిన రబ్బరు పట్టీలను ఆరుబయట పెట్టి, వాటికి ఎంతసేపట్లో పగుళ్లు వస్తాయో చూసేవారు. అంత గట్టి రబ్బరునే చీల్చే వాయువు తడిగా, పలుచగా ఉండే శ్వాసనాళపు పొరను ఏం చేయగలదో ఊహించడం కష్టం కాదు.

ఏ వేళల్లో, ఏ నెలల్లో ఇది ఎక్కువ?

ఉదయం తక్కువగా మొదలై, ఎండ ముదిరేకొద్దీ పెరిగి, సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య గరిష్ఠానికి చేరుతుంది. సాయంత్రం ఎండ వాలాక, రద్దీ వాహనాలు వదిలే నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని హరించడం వల్ల తగ్గుతూ వస్తుంది. ఏడాది మొత్తంలో చూస్తే మన ప్రాంతంలో వేసవి నెలల్లో హెచ్చుగానూ, మబ్బు పట్టి వానలు పడే రోజుల్లో తక్కువగానూ ఉంటుంది. అనంతపురం లాంటి ఎండ మెండుగా ఉండే చోట్ల తీసిన కొలతల్లోనూ ఈ వేసవి–వర్షాకాలపు తేడా కనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన రాష్ట్రాల్లో వేసవి రాగానే ఒంటిపూట బడులు పెట్టేది పిల్లలను ఎండదెబ్బ నుంచి కాపాడటానికి. కానీ పన్నెండున్నరకు గంట కొట్టాక ఇంటికి చేరి, అన్నం తిని, రెండింటికల్లా క్రికెట్ బ్యాటుతో ఖాళీ స్థలంలో తేలే పిల్లవాడు ఎండకూ ఓజోన్‌కూ సరిగ్గా నడిమధ్యన దొరుకుతున్నాడు.

ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక అసలు ఏం జరుగుతుంది?

సల్ఫర్ డయాక్సైడ్ లాంటి వాయువులు నీటిలో బాగా కరుగుతాయి కాబట్టి చాలావరకు ముక్కులోని తడిలోనే ఆగిపోతాయి. ఓజోన్ నీటిలో అంతగా కరగదు. అందువల్ల ముక్కునూ గొంతునూ దాటి, సన్నని వాయునాళాలు ముగిసి గాలిగదులు మొదలయ్యే చోటు దాకా చేరుతుంది. వాయునాళాల లోపలి గోడ మీద పలుచని ద్రవపు పూత ఉంటుంది. అందులోని విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, గ్లుటాథయోన్ వంటి రక్షక పదార్థాలు కొంత ఓజోన్‌ను తమ మీదకు తీసుకుంటాయి. వాటిని మించి వచ్చినప్పుడు ఆ పూతలోనూ కణాల పొరల్లోనూ ఉండే కొవ్వులతో చర్య జరిపి, వాపును రేపే పదార్థాలను పుట్టిస్తుంది.

తరువాత రెండు వేర్వేరు పరిణామాలు నడుస్తాయి. మొదటిది నరాలకు సంబంధించినది. వాయునాళాల గోడల్లోని సన్నని నరాలు ప్రేరేపితమై పొడిదగ్గు తెప్పిస్తాయి, గట్టిగా ఊపిరి తీయబోతే ఎదురురొమ్ము వెనుక మంటగానో పట్టేసినట్టుగానో అనిపిస్తుంది, ఛాతీ తనంతట తానే పూర్తి శ్వాసకు అడ్డుపడుతుంది. స్పైరోమెట్రీ పరీక్షలో గొట్టంలోకి ఊదించినప్పుడు మొత్తం ఊదిన గాలీ, మొదటి సెకనులో ఊదిన గాలీ రెండూ తగ్గేది ఇందువల్లనే. రెండోది వాపు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వాయునాళాల్లోకి వచ్చి చేరతాయి, గోడల గుండా ద్రవం ఊరుతుంది, చల్లగాలికీ పుప్పొడికీ దుమ్ముకూ నాళాలు మునుపటికంటే తొందరగా ముడుచుకుంటాయి. మొదటి పరిణామం గంటల్లో తెలుస్తుంది, రెండోది మరునాటికి గాని పూర్తిగా బయటపడకపోవచ్చు. మంగళవారం మధ్యాహ్నపు గాలికి బుధవారం రాత్రి ఆయాసం రావడంలో వింతేమీ లేదు.

అమెరికా పర్యావరణ సంస్థకు నార్త్ కరోలినాలోని చాపెల్‌హిల్‌లో మనుషులను కూర్చోబెట్టి పరీక్షించే ప్రత్యేక గదులు ఉన్నాయి. అక్కడా మరికొన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఆరోగ్యవంతులైన యువకులను ఆరున్నర గంటలకు పైగా ఓజోన్ కలిపిన గాలిలో ఉంచి, మధ్యమధ్య వ్యాయామం చేయించారు. వంద కోట్ల భాగాల గాలిలో 60 భాగాల ఓజోన్ ఉన్నప్పుడు కూడా సగటున ఊదే శక్తి స్వల్పంగా తగ్గింది. ఘనపు మీటరుకు లెక్క వేస్తే ఇది సుమారు 118 మైక్రోగ్రాములు. పాల్గొన్నవారిలో కొందరికి ఏమీ కాకపోగా మరికొందరికి గణనీయంగా తగ్గింది. ఈ వ్యక్తిగత తేడాయే నాకు ఇందులో ముఖ్యంగా తోచింది, ఎందుకంటే ఎవరు ఏ కోవకు చెందుతారో ముందుగా చెప్పే పరీక్ష మామూలు ఆసుపత్రుల్లో లేదు.

రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది కదా?

అలవాటయ్యేది బాధ మాత్రమే. వరుసగా కొన్ని రోజులు ఓజోన్ పీల్చినవారిలో దగ్గు, ఊదే శక్తి తగ్గడం నాలుగైదు రోజులకల్లా మందగిస్తాయి. కానీ వాయునాళాల్లోని కణజాలం దెబ్బతినడం, వాపు అంతటితో ఆగవని పరిశోధకులు గమనించారు. బాధ తెలియకపోవడాన్ని భద్రతగా లెక్కించకూడదు.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

లోపలికి చేరే మోతాదు మూడింటి మీద ఆధారపడుతుంది: గాలిలో ఓజోన్ ఎంత, ఎంతసేపు బయట ఉన్నారు, నిమిషానికి ఎంత గాలి పీల్చారు. కదలకుండా కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలిస్తే, పరుగెత్తే మనిషి అంతకు అయిదారు రెట్లకు మించి, అదీ నోటితో పీలుస్తాడు. కాబట్టి ఒకే వీధిలో, ఒకే ఎండలో చెట్టు కింద కూర్చున్న పెద్దాయనకూ, ఇటుకల తట్ట మోస్తూ మూడో అంతస్తు ఎక్కే కూలీకీ అందే మోతాదు ఒకటి కాదు. భవన నిర్మాణ కార్మికులు, ఉపాధి హామీ పనివారు, ట్రాఫిక్ పోలీసులు, మధ్యాహ్నపు భోజనాల ఆర్డర్లు మోసే డెలివరీ కుర్రాళ్లు ఈ లెక్కలో ముందు వరుసలో ఉంటారు.

పిల్లల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి, బరువుకు తగ్గట్టు చూస్తే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, బయట ఎక్కువసేపు ఆడతారు. ఆస్తమా, సీఓపీడీ (వాయునాళాలు ఇరుకై ఏళ్ల తరబడి ఊపిరి ఆడనివ్వని జబ్బు) ఉన్నవారికీ వృద్ధులకూ ఊపిరితిత్తుల్లో మిగులు శక్తి తక్కువ కాబట్టి చిన్న తగ్గుదలకే ఇబ్బంది పడతారు.

ఆస్తమా లేని పిల్లలకు ఓజోన్ వల్ల కొత్తగా ఆస్తమా వస్తుందా?

ఉన్న ఆస్తమాను ఓజోన్ రెచ్చగొడుతుందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. కొత్తగా తెప్పిస్తుందా అన్నదానిపై అంత ఖాయంగా చెప్పలేం. ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించేది దక్షిణ కాలిఫోర్నియా పిల్లల అధ్యయనం. ఆస్తమా లేని మూడున్నర వేల మందికి పైగా పిల్లలను కొన్నేళ్లు గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. ఓజోన్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో మూడు లేదా అంతకు మించిన ఆటలు ఆడే పిల్లల్లో, ఏ ఆటా ఆడని పిల్లలతో పోలిస్తే ఆస్తమా మొదలయ్యే అవకాశం మూడు రెట్లకు పైగా కనిపించింది. ఓజోన్ తక్కువగా ఉన్న ఊళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఆ ఎక్కువ ఆటలాడే పిల్లల సంఖ్య చిన్నది కాబట్టి ఈ ఒక్క ఫలితాన్ని పట్టుకుని పిల్లలను ఆటలు మాన్పించడం సరికాదు. వేళ మార్చడం మాత్రం వివేకం.

1996 అట్లాంటా ఒలింపిక్స్ సమయంలో వాహనాలు తగ్గించగా ఓజోన్ గరిష్ఠాలు సుమారు 28 శాతం తగ్గాయనీ, పిల్లల ఆస్తమా అత్యవసర కేసులు బాగా పడిపోయాయనీ మరో ఉదాహరణ చెబుతుంటారు. అయితే తరువాత జరిగిన విశ్లేషణలో, ఆ రోజుల్లో వాహనాల ఆంక్షలు లేని చుట్టుపక్కల నగరాల్లోనూ ఓజోన్ తగ్గిందనీ, వాతావరణం పాత్ర పెద్దదనీ తేలింది. ఓజోన్ గురించి రాసేవారు మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తుంటారు.

ఏళ్ల తరబడి పీలిస్తే?

అమెరికాలోని 96 నగర ప్రాంతాల్లో సుమారు నాలుగున్నర లక్షల మందిని 18 ఏళ్లు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలిక ఓజోన్ వంద కోట్ల భాగాలకు 10 భాగాలు పెరిగినప్పుడు శ్వాసకోశ వ్యాధులతో చనిపోయే ముప్పు సుమారు 4 శాతం పెరిగినట్టు తేలింది. సూక్ష్మ ధూళి ప్రభావాన్ని విడిగా లెక్కగట్టిన తరువాత మిగిలిన పెరుగుదల ఇది. ప్రపంచ వ్యాధి భారం అంచనాల ప్రకారం 2021లో ఓజోన్ కారణంగా సీఓపీడీతో దాదాపు 4.9 లక్షల మరణాలు సంభవించగా, అందులో సగానికి దగ్గరగా భారతదేశంలోనివే. ఇవి నమూనాల ద్వారా వేసిన అంచనాలు, ఏ మరణ ధ్రువీకరణ పత్రంలోనూ ఓజోన్ అని రాయరు. అయినా సూక్ష్మ ధూళి మీదున్న శ్రద్ధలో పదో వంతు కూడా మన దగ్గర దీనిమీద లేదన్నది వాస్తవం. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమపు లక్ష్యాలు ధూళి కణాలకే పరిమితమయ్యాయి.

గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) బాగుంటే ఓజోన్ కూడా బాగున్నట్టేనా?

అన్ని వేళలా కాదు. మన దేశపు సూచీ ఎనిమిది కాలుష్య కారకాలను లెక్కలోకి తీసుకుని, వాటిలో అన్నింటికంటే ఎక్కువగా ఉన్నదాన్నే అంకెగా చూపుతుంది. ధూళికి 24 గంటల సగటు తీసుకుంటే ఓజోన్‌కు ఎనిమిది గంటల సగటు తీసుకుంటారు. పొద్దున చూసిన అంకె మధ్యాహ్నానికి పనికిరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మీకు దగ్గరి కేంద్రాన్ని, ఉదాహరణకు హైదరాబాద్‌లో సనత్‌నగర్‌నో జూపార్కునో, ఎంచుకుని ఓజోన్‌ను విడిగా చూడటం మంచిది.

భారత ప్రమాణం ఎనిమిది గంటల సగటుకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఒక గంటకు 180. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం కూడా ఎనిమిది గంటలకు 100 దగ్గరే ఉంది, దానితోపాటు ఎక్కువగా ఉండే ఆరు నెలల సగటు 60 మించరాదని చేర్చింది.

అమెరికాలో ఉన్న మనవారికి ఇందులో ఒక తికమక ఎదురవుతుంది. డాలస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతం ఓజోన్ ప్రమాణాన్ని అందుకోలేని ప్రాంతాల జాబితాలో ఏళ్లుగా ఉంది, వేసవిలో అక్కడ ఓజోన్ హెచ్చరిక దినాలు ప్రకటిస్తుంటారు. ఎనిమిది గంటల సగటు 150 మైక్రోగ్రాములు ఉన్న గాలిని అక్కడి సూచీ నారింజ రంగులో, సున్నిత వర్గాలకు అనారోగ్యకరమని చూపుతుంది. అదే గాలిని మన సూచీ మోస్తరు అంటుంది. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోని మనవడి యాప్‌నూ విజయవాడలోని తాతయ్య యాప్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు రంగులను కాక మైక్రోగ్రాములనే చూడాలి.

ఊరి బయట ఫామ్‌హౌస్‌కు వెళ్తే తప్పించుకోవచ్చా?

ధూళి నుంచి కొంతవరకు తప్పించుకోవచ్చు. ఓజోన్ నుంచి తప్పించుకోవడం కష్టం. నగరంలో పుట్టిన ముడిసరుకులు గాలివాటున పోతూ దారిలో ఓజోన్‌గా మారుతుంటాయి, పైగా దాన్ని హరించే వాహనాల పొగ పల్లెల్లో తక్కువ. అందుకే గాలి వీచే దిశలో ఉన్న శివార్లలో, పల్లెల్లో నడిబొడ్డుకంటే ఎక్కువ నమోదు కావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో పలు నగరాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గినా ఓజోన్ తగ్గకపోగా కొన్నిచోట్ల పెరగడానికి కారణం ఇదే. నైట్రోజన్ ఆక్సైడ్లతోపాటు సేంద్రియ ఆవిర్లనూ తగ్గిస్తేగాని ఫలితం దక్కదు.

ఎన్95 మాస్కు పనిచేస్తుందా?

పనిచేయదు. అది కణాలను ఆపుతుంది, ఓజోన్ వాయువు. ఉత్తేజిత బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) పొర ఉన్న మాస్కులు కొంత ఆపగలవు గానీ ఎండలో బరువు పని చేసే మనిషికి అవి ఆచరణలో కుదరవు.

ఇంట్లో ఉంటే చాలా? ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా?

తలుపులు, కిటికీలు మూసిన ఇంట్లో ఓజోన్ బయటికంటే చాలా తక్కువ ఉంటుంది, గోడలకూ తెరలకూ తగిలి తరిగిపోతుంది. మధ్యాహ్నం కిటికీలు మూసి, ఉదయమూ రాత్రీ తెరవడం వేసవిలో మన ఇళ్లలో ఎలాగూ చేసే పనే. వంటగదిలో గ్యాస్ పొయ్యి వెలుగుతుంటే మాత్రం గాలి ఆడాల్సిందే.

హెపా ఫిల్టరు ధూళిని పడుతుంది, ఓజోన్‌ను పట్టదు. దానికి ఉత్తేజిత బొగ్గు కావాలి. అంతకంటే ముఖ్యంగా, అయోనైజర్ అనీ ఓజోనైజర్ అనీ పేరు పెట్టి అమ్మే యంత్రాల్లో కొన్ని తామే ఓజోన్‌ను వదులుతాయి. కాలిఫోర్నియాలో గాలి శుద్ధి యంత్రాలు వదిలే ఓజోన్‌కు పది లక్షల భాగాలకు 0.05 భాగాల పరిమితి విధించారు. కారు లోపల వాసన పోగొడతామంటూ ఓజోన్ యంత్రం పెట్టించుకుంటే, తలుపులన్నీ తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చాకే అందులో కూర్చోవాలి.

తులసి, రావి చెట్లు ఓజోన్ ఇస్తాయని వాట్సాప్‌లో వస్తోంది, నిజమేనా?

నిజం కాదు. ఏ మొక్కా ఓజోన్‌ను వదలదు. ఒకవేళ వదిలినా, అది పొద్దున్నే పీల్చదగిన వరం కాదని పై సమాధానాలు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. మొక్కల ఆకులు కొంత ఓజోన్‌ను పీల్చుకుంటాయి, ఆ క్రమంలో వరి, గోధుమ వంటి పైర్లు దెబ్బతింటాయి కూడా. తులసి కోటకు ఇంట్లో ఉన్న గౌరవానికి ఈ అబద్ధపు ఆధారం అవసరం లేదు.

ఉసిరి, నిమ్మరసం రక్షణ ఇస్తాయా?

మెక్సికో నగరంలో ఆస్తమా ఉన్న పిల్లలకు విటమిన్ సి, ఇ ఇచ్చి చూసినప్పుడు, వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో ఓజోన్ వల్ల ఊదే శక్తి తగ్గడం కొంత మేర నెమ్మదించింది. పెద్దల్లో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. పండ్లు తినండి, కానీ వాటి ధీమాతో మధ్యాహ్నం పరుగుకు వెళ్లకండి.

ఆస్తమా ఉన్నవారు వేసవిలో ఏం చేయాలి?

రోజూ వాడమని వైద్యులు రాసిన ప్రివెంటర్ ఇన్‌హేలర్‌ను, బాగానే ఉంది కదా అని మానకూడదు. వాయునాళాల వాపును అదుపులో ఉంచేది అదే. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనమిచ్చే రిలీవర్ ఇన్‌హేలర్ దగ్గర ఉండాలి, అయితే ఎండలో ఆగిన కారు డ్యాష్‌బోర్డులో మాత్రం పెట్టకండి, వేడికి డబ్బా పాడవుతుంది. నడక, వ్యాయామం ఉదయం ఎనిమిదింటిలోపు ముగించుకుంటే ఓజోన్ తక్కువగా ఉంటుంది. రోడ్డు పక్క పొగ కూడా తప్పించుకోవాలనుకుంటే వాహనాలు తిరగని చోటు చూసుకోవాలి. వేసవి శిక్షణ శిబిరాలు నడిపేవారు సాయంత్రపు బ్యాచ్‌ను నాలుగింటికి బదులు అయిదున్నరకు మొదలుపెడితే చాలా తేడా ఉంటుంది. పొద్దున పూత వేసి మధ్యాహ్నం ఆరబెట్టే పెయింటు పనులను ఆస్తమా ఉన్నవారి ఇంట్లో వేసవిలో పెట్టుకోకపోవడమే మేలు. ఏ రోజు బయట ఎంతసేపు ఉన్నారు, మరునాడు దగ్గు, పిల్లికూతలు ఎలా ఉన్నాయి అన్నది రెండు వారాలు రాసుకుని వైద్యునికి చూపిస్తే మందు మోతాదు నిర్ణయించడం ఆయనకు తేలికవుతుంది.

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి?

గాలి మార్చుకుని విశ్రాంతి తీసుకున్నా దగ్గు, ఛాతీ పట్టివేత ఒకటి రెండు రోజులకు మించి ఉంటే, లేదా రాత్రుళ్లు ఆయాసంతో మెలకువ వస్తుంటే ఊపిరితిత్తుల వైద్యుని కలవండి. రిలీవర్ వాడినా ఉపశమనం లేకపోయినా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేనంతగా రొప్పుతున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా అది అత్యవసర పరిస్థితి. అప్పుడు రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, రిలీవర్ ఇస్తూ, 108కి ఫోన్ చేయాలి.